టైగర్ ఉడ్స్ గెలిచిన కోర్సులో మనం ఆడొచ్చా? టీ టైమ్ వెనక ఉన్న అసలు లెక్క

ఈ రోజు ఎపిసోడ్ గోల్ఫ్ గురించి. ఆగండాగండి, స్క్రోల్ చేసి వెళ్ళిపోకండి. గోల్ఫ్ రాకపోయినా, కర్ర ఎటు పట్టుకోవాలో తెలియకపోయినా ఈ ఎపిసోడ్ మీకు పనికొస్తుంది. ఎందుకంటే తత్కాల్ టికెట్ కోసం పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చున్న ప్రతి ఒక్కరి కథా ఇందులో ఉంది.

ముందు ఒక చిన్న ప్రశ్న. ఉప్పల్ స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్ అయిపోయింది. మర్నాడు పొద్దున మీరూ మీ ఫ్రెండ్సూ బ్యాటూ బాలూ పట్టుకుని గేటు దగ్గరకెళ్ళి, "అన్నా, అదే పిచ్ మీద ఓ పది ఓవర్లు ఆడుకుని వెళ్ళిపోతాం, డబ్బులు కడతాం" అన్నారనుకోండి. సెక్యూరిటీ ఆయన ఏమంటాడో నేను చెప్పక్కర్లేదు. వింబుల్డన్ సెంటర్ కోర్టు దగ్గరైనా అంతే.

కానీ గోల్ఫ్‌లో అది కుదురుతుంది. ప్రపంచంలో పెద్ద పెద్ద టోర్నమెంట్లు జరిగే కొన్ని కోర్సుల్లో మామూలు మనిషి వెళ్ళి, ఫీజు కట్టి, అదే గడ్డి మీద, అవే ఇసుక గుంటల మధ్య, అదే 18వ హోల్ దాకా ఆడి రావచ్చు. ఆదివారం ఛాంపియన్ కప్పు ఎత్తిన చోటే కొన్నాళ్ళకి ఒక స్కూల్ టీచర్, ఒక ఎలక్ట్రీషియన్, ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఆడుతుంటారు.

అయితే చిక్కెక్కడ వస్తుందంటే, అందరికీ ఆడాలనే ఉంటుంది, చోటు మాత్రం కొంచెమే ఉంటుంది. మరి ఎవరికి ఇవ్వాలి? ఈ రోజు మనం మాట్లాడుకునేది దీని గురించే.

రోజుకి ఎంతమంది పడతారు?

గోల్ఫ్‌లో ఆట మొదలుపెట్టే టైమ్‌ని టీ టైమ్ అంటారు. మామూలుగా నలుగురు ఒక గ్రూపు. ఒక గ్రూపు మొదలుపెట్టిన సుమారు పది నిమిషాలకి ఇంకో గ్రూపుని వదులుతారు. అంటే గంటకి 6 గ్రూపులు, 24 మంది. ఎనిమిది గంటల పాటు ఇలా వదిలితే 192 మంది. అంతే. ఒక సింగిల్ స్క్రీన్ థియేటర్లో ఒక్క షోకి పట్టేంతమంది కూడా కాదు.

సర్వర్ కెపాసిటీ పెంచినట్టు దీన్ని పెంచలేం. గ్రూపుల మధ్య గ్యాప్ ఐదు నిమిషాలకి తగ్గిస్తే లోపల ట్రాఫిక్ జామ్ అయిపోతుంది. 18 హోల్స్ ఆడటానికి నాలుగు, నాలుగున్నర గంటలు పడుతుంది మరి. సప్లై ఇక్కడ తాళం వేసినట్టు ఉంటుంది. డిమాండ్ మాత్రం ప్రపంచం మొత్తం నుంచి వస్తుంది.

ఇలాంటప్పుడు పంచడానికి నాలుగే దారులు నాకు కనిపిస్తాయి. ఒకటి, మనవాళ్ళకే ఇవ్వడం. రెండు, ఎక్కువ డబ్బు పెట్టినవాళ్ళకి ఇవ్వడం. మూడు, లాటరీ తీయడం. నాలుగు, ముందొచ్చినవాళ్ళకి ఇవ్వడం. తిరుమల వెళ్ళినవాళ్ళకి ఇది కొత్త కాదు. బ్రేక్ దర్శనం, ఆన్‌లైన్‌లో 300 రూపాయల టికెట్, ఆర్జిత సేవలకి ఎలక్ట్రానిక్ డిప్, కంపార్ట్‌మెంట్‌లో కూర్చునే సర్వదర్శనం. చోటు తక్కువ, జనం ఎక్కువ అయిన ప్రతిచోటా మనుషులు ఇలాంటి పద్ధతులే వెతుక్కున్నారు. గోల్ఫ్‌లో ఒక్కో దారికి ఒక్కో ప్రసిద్ధ కోర్సు ఉంది. వరసగా చూద్దాం.

మొదటి దారి: గేటు మూసేయడం

అమెరికాలో జార్జియా రాష్ట్రంలో అగస్టా నేషనల్ అని ఒక క్లబ్ ఉంది. ప్రతి ఏప్రిల్‌లో మాస్టర్స్ టోర్నమెంట్ జరిగేది అక్కడే. విజేతకి ఆకుపచ్చ కోటు తొడుగుతారు చూడండి, అదే. మీ దగ్గర ఎంత డబ్బున్నా సరే, గేటు దగ్గర ఫీజు కట్టి ఆడటం అక్కడ కుదరదు. మెంబర్ పిలిస్తే, మెంబర్‌తో కలిసి ఆడాలి. మెంబర్‌షిప్ కూడా మనం అప్లై చేసేది కాదు, వాళ్ళే పిలవాలి.

ఒక చిన్న కిటికీ మాత్రం ఉంది. మాస్టర్స్ కవర్ చేయడానికి వచ్చిన జర్నలిస్టుల పేర్లతో లాటరీ తీసి, 28 మందికి టోర్నీ అయిన మర్నాడు సోమవారం ఆడే అవకాశం ఇస్తారు. అంటే అగస్టాలో ఆడాలంటే గోల్ఫ్ నేర్చుకోవడం కంటే జర్నలిజం నేర్చుకోవడం సులువు అన్నమాట.

మన దేశంలో కూడా ఎక్కువగా ఈ దారే. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో ఇండియన్ ఓపెన్ ఎన్నోసార్లు జరిగింది. 2025 అక్టోబర్‌లో రోరీ మెకిల్రాయ్ వచ్చి ఆడింది కూడా అక్కడే. ఆ క్లబ్ మెంబర్‌షిప్ కోసం వెయిటింగ్ లిస్ట్ దశాబ్దాల మీద నడుస్తుందని పేరు. మన హైదరాబాద్‌లో గోల్కొండ కోటని ఆనుకుని హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్ ఉంది, అక్కడ ప్రొఫెషనల్ టూర్ వాళ్ళ గోల్కొండ మాస్టర్స్ జరుగుతుంది. అదీ క్లబ్బే.

రెండో దారి: రేటు పెంచేయడం

కాలిఫోర్నియాలో పెబుల్ బీచ్. ఫొటో చూస్తే ఎక్కడో చూశామే అనిపిస్తుంది. కొండ అంచు, కింద పసిఫిక్ సముద్రం. యూఎస్ ఓపెన్ ఇప్పటికి ఆరుసార్లు జరిగిందక్కడ. 2000లో టైగర్ ఉడ్స్ రెండో స్థానంలో ఉన్నవాళ్ళ కంటే 15 స్ట్రోకులు ముందు గెలిచాడు. క్రికెట్ భాషలో చెప్పాలంటే ఇన్నింగ్స్ తేడాతో గెలిచినట్టు.

ఇక్కడ ఎవరైనా ఆడొచ్చు. మెంబర్ అవ్వక్కర్లేదు. కాకపోతే ఒక్క రౌండ్‌కి 600 డాలర్లు దాటుతుంది, మన లెక్కలో 50 వేల రూపాయల పైమాటే. ముందుగా బుక్ చేసుకోవాలంటే వాళ్ళ రిసార్ట్‌లోనే దిగాలి, ఆ గది అద్దె వేరే. తలుపు తెరిచే ఉంది. గడప మాత్రం ఎత్తు పెట్టారు.

దీన్ని తిట్టాలని నాకేం లేదు. అది ప్రైవేటు కంపెనీ ఆస్తి, వాళ్ళ రేటు వాళ్ళిష్టం. పైగా ఇందులో మోసం లేదు. రేటు బోర్డు మీద ఉంటుంది. కట్టగలిగితే కడతాం, లేకపోతే ఫొటో చూసుకుంటాం.

మూడో దారి: చీటీ తీయడం

ఇప్పుడు స్కాట్లాండ్ వెళ్దాం. సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్. గోల్ఫ్‌కి పుట్టిల్లు అంటారు. కోర్సుకి 18 హోల్స్ ఉండాలన్న లెక్క కూడా ఇక్కడిదే. 1764కి ముందు ఇక్కడ ఒక రౌండ్ అంటే 22 హోల్స్. ఆ ఏడాది కొన్ని చిన్న హోల్స్ కలిపేస్తే 18 అయ్యాయి, తర్వాత ప్రపంచమంతా అదే పట్టుకుంది. ఓపెన్ ఛాంపియన్‌షిప్ ఇక్కడ 30 సార్లు జరిగింది, చివరిగా 2022లో 150వ ఓపెన్.

ఇంత చరిత్ర ఉన్న చోటు ఏ రాజుగారిదో, ఏ క్లబ్బుదో అనుకుంటాం కదా. కాదండీ, పబ్లిక్‌ది. 1974లో పార్లమెంట్ చట్టంతో ఏర్పడిన ఒక ట్రస్ట్ దాన్ని నడుపుతుంది. అది అంత తేలిగ్గా ప్రజల చేతిలో మిగల్లేదు కూడా. 18వ శతాబ్దం చివర్లో ఆ ఊరి కౌన్సిల్ అప్పుల్లో మునిగి, ఆ నేలని కుందేళ్ళు పెంచుకునే వ్యాపారులకి ఇచ్చేసింది. కుందేళ్ళు నేలంతా బొరియలు తవ్వేశాయి. ఊరివాళ్ళకీ వ్యాపారులకీ ఏళ్ళ తరబడి గొడవలు, కోర్టు కేసులు. 1821లో గోల్ఫ్ మీద అభిమానం ఉన్న ఒక స్థానిక భూస్వామి కొని ఆటని కాపాడాడు. 1894లో పార్లమెంట్ చట్టం వచ్చాక ఊరు ఆ నేలని మళ్ళీ కొనుక్కుంది.

ఇప్పటికీ ఆదివారం అక్కడ మామూలుగా ఆట ఉండదు. ఊరి జనం కుక్కల్ని తీసుకుని, పిల్లల్ని తీసుకుని ఫెయిర్‌వేల మీద నడుస్తారు. ఛాంపియన్లు ఫొటో దిగే స్విల్కన్ బ్రిడ్జ్ మీద ఆ రోజు ఎవరైనా నిలబడి సెల్ఫీ తీసుకోవచ్చు. ఊరివాళ్ళకి చాలా తక్కువ ధరలో ఏడాది టికెట్ ఉంటుంది.

మరి బయటివాళ్ళు? 2025 వేసవి సీజన్‌లో ఒక రౌండ్ 340 పౌండ్లు, సుమారు 40 వేల రూపాయలు. అదీ తక్కువేం కాదు. కానీ డబ్బు ఉంటే చాలదు. కొన్ని టైమ్‌లు ముందుగా బుక్ అవుతాయి, చాలా టైమ్‌లకి బ్యాలట్ అని రోజూ లాటరీ తీస్తారు. ఆడాల్సిన రోజుకి రెండు రోజుల ముందు ఇద్దరి నుంచి నలుగురు దాకా గ్రూపుగా పేర్లు ఇవ్వాలి. సాయంత్రానికి రిజల్ట్ వస్తుంది. పేరు వస్తే ఆడతారు, రాకపోతే మర్నాడు మళ్ళీ వేస్తారు. పెద్ద కంపెనీ సీఈవో అయినా, రిటైరైన పోస్ట్‌మ్యాన్ అయినా ఆ డబ్బాలో చీటీ ఒకటే సైజు.

ఒంటరిగా వచ్చినవాళ్ళ సంగతి ఇంకా ఇంట్రెస్టింగ్. ఇదివరకు వాళ్ళు రాత్రంతా ఆ చలిలో బయట క్యూ కట్టేవాళ్ళు. ఖాళీ ఉన్న గ్రూపులో ఒకరిగా కలుపుతారేమోనని. 2024లో ఆ క్యూ తీసేసి, దాని బదులు సింగిల్స్ డ్రా పెట్టారు. ఆడే రోజుకి ముందు రోజు స్వయంగా వెళ్ళి పేరు నమోదు చేసుకోవాలి. సాయంత్రం డ్రా. ఈ "స్వయంగా వెళ్ళి" అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరకొస్తాను.

నాలుగో దారి: ముందొచ్చినవాడిదే

ఇది నాకు బాగా దగ్గరైన భాగం.

బీటెక్ అయ్యాక నేను కొన్నేళ్ళు హైదరాబాద్‌లో కోడ్ రాశాను. ఆఫీస్ క్యాబ్ వెళ్ళే దారిలో ఒక పొడుగాటి ప్రహరీ గోడ ఉండేది, దాని మీంచి పచ్చటి గడ్డి కొంచెం కొంచెం కనపడేది. లోపల ఏముందని అడిగితే డ్రైవర్ అన్న, "పెద్దోళ్ళ ఆట తమ్మీ, మనకెందుకు" అన్నాడు. నాకూ అది అంతే అనిపించింది. ఆ తర్వాత ఆన్‌సైట్ మీద న్యూజెర్సీ వెళ్ళాను. మా టీమ్‌లో ఖమ్మం వైపు అన్న ఒకాయన ఉండేవాడు. శనివారం పొద్దున్నే లేపి, ప్రభుత్వ కోర్సులకి తీసుకెళ్ళేవాడు. నాకు ఆట అబ్బింది అక్కడే. ఇప్పటికీ నా హ్యాండిక్యాప్ 28, అంటే మొహమాటం లేకుండా చెప్పాలంటే, సగం రౌండ్ చెట్ల మధ్యే గడుపుతాను.

ఒకసారి ఆయన న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో ఉన్న బెత్‌పేజ్ స్టేట్ పార్క్‌కి తీసుకెళ్ళాడు. పేరులోనే ఉంది, స్టేట్ పార్క్. ప్రభుత్వ పార్కు. అక్కడ ఐదు కోర్సులున్నాయి, రంగుల పేర్లతో. బ్లాక్, రెడ్, బ్లూ, గ్రీన్, ఎల్లో. మేం ఆడింది గ్రీన్. కానీ అక్కడికి వెళ్ళిన ప్రతివాడూ ముందు చూసేది బ్లాక్ కోర్స్ మొదటి టీ దగ్గరున్న బోర్డు. ఇది చాలా చాలా కష్టమైన కోర్సు, బాగా ఆడగలిగినవాళ్ళకే సిఫారసు చేస్తాం అని దాని మీద హెచ్చరిక ఉంటుంది. కరెంటు స్తంభం మీద పుర్రె బొమ్మ లాగా. అందరూ దాని పక్కనే నిలబడి ఫొటో దిగి, నవ్వుకుంటూ లోపలికి పోతారు.

బ్లాక్ కోర్స్ 1936లో తెరిచారు. మహా మాంద్యం రోజుల్లో ఉద్యోగాల్లేని జనానికి పని కల్పించే పథకం కింద కట్టారు. మన ఉపాధి హామీ పనుల్లాగా అనుకోండి. 2002లో యూఎస్ ఓపెన్ అక్కడ జరిగింది. పూర్తిగా ప్రభుత్వ ఆస్తి అయిన కోర్సులో యూఎస్ ఓపెన్ జరగడం అదే మొదలు. ఆ వారం నాలుగు రోజులూ కలిపి పార్ కంటే తక్కువలో ముగించింది ఒక్కడే, టైగర్ ఉడ్స్. 2009లో మళ్ళీ యూఎస్ ఓపెన్, 2019లో పీజీఏ ఛాంపియన్‌షిప్, 2025లో రైడర్ కప్. ఆ రైడర్ కప్ యూరప్ 15-13తో గెలిచింది.

ఇప్పుడు రేటు వినండి. న్యూయార్క్ రాష్ట్రంలో ఉండేవాళ్ళకి మామూలు రోజుల్లో ఈ కోర్సు 100 డాలర్ల లోపే. బయటి రాష్ట్రం వాళ్ళకి రెట్టింపు, అంతకంటే ఎక్కువ. 2025 రైడర్ కప్‌లో మ్యాచ్ రోజు చూడటానికి టికెట్ సుమారు 750 డాలర్లు. అంటే అదే నేల మీద తాడు అవతల నిలబడి చూడటానికయ్యే డబ్బుతో, లోకల్ మనిషి ఏడెనిమిది సార్లు ఆడేయొచ్చు.

మరి టీ టైమ్ ఎలా దొరుకుతుంది? ఆన్‌లైన్ బుకింగ్ ఉంది. దాంతోపాటు ఒక పాత ఆచారం ఉంది. కొన్ని టైమ్‌లు నేరుగా వచ్చినవాళ్ళ కోసం ఆపుతారు. వాటి కోసం జనం ముందు రోజు సాయంత్రమే కార్లేసుకుని వచ్చి, పార్కింగ్‌లో నంబర్లున్న స్లాట్లలో నిలబెట్టుకుని, రాత్రి కార్లోనే పడుకుంటారు. మేం తెల్లవారుజామున చేరేసరికి డిక్కీలు తెరిచి కాఫీలు తాగుతున్నారు. అందులో ఒకాయన ఎలక్ట్రీషియన్, రాత్రి షిఫ్ట్ దిగి నేరుగా వచ్చాడట. ఆ గోడ పక్కన డ్రైవర్ అన్న అన్న మాట నాకు గుర్తొచ్చింది. పెద్దోళ్ళ ఆట అని ఆట మీద ముద్ర వేసేది గోడే. గోడ లేనిచోట అది మామూలు ఆటే.

క్యూలోకి బాట్ దూరితే?

సరే, ఇక్కడి నుంచి నాలోని సాఫ్ట్‌వేర్ వాడు మాట్లాడతాడు.

కార్లో పడుకునే క్యూలో ఒక న్యాయం ఉంది. నిద్ర అందరికీ ఒకటే. ఒక మనిషి ఒకేసారి రెండు కార్లలో పడుకోలేడు. కానీ అదే "ముందొచ్చినవాడిదే" రూల్‌ని యాప్‌లోకి మార్చగానే ఆట మారిపోతుంది. పొద్దున ఫలానా టైమ్‌కి బుకింగ్ ఓపెన్ అవుతుందంటే, మన వేలు స్క్రీన్ తాకేలోపు స్క్రిప్ట్ రాసినవాడు వంద రిక్వెస్టులు పంపేస్తాడు. మనిషికి అర సెకను పడితే, ప్రోగ్రామ్‌కి మిల్లీసెకన్లు చాలు. పైకి చూస్తే క్యూనే. లోపల జరిగేది ఇంటర్నెట్ స్పీడ్ పోటీ.

2024లో లాస్ ఏంజెలెస్‌లో ఇదే పెద్ద గొడవైంది. అక్కడ నగరపాలక సంస్థకి సొంత గోల్ఫ్ కోర్సులున్నాయి. వాటిలో రాంచో పార్క్ ఒకటి. ఒకప్పుడు ప్రొఫెషనల్స్ ఆడే లాస్ ఏంజెలెస్ ఓపెన్ జరిగిన కోర్సు. 1961లో ఆర్నాల్డ్ పామర్ అంతటివాడు ఒకే హోల్‌లో 12 కొట్టాడక్కడ. దానికి గుర్తుగా ఫలకం కూడా పెట్టారు. మామూలు ఆటగాళ్ళు దాన్ని చూసి ధైర్యం తెచ్చుకుంటారు. అలాంటి కోర్సుల టీ టైమ్‌లని బ్రోకర్లు ఓపెన్ అయిన క్షణంలోనే ఊడ్చేసి, మెసేజ్ యాప్‌లలో ఎక్కువకి అమ్ముకుంటున్నారని స్థానికులు బయటపెట్టారు. నగరానికి పన్ను కట్టే మనిషికే నగరం కోర్సులో చోటు దొరకదు. బ్రోకర్‌కి పైన డబ్బులిస్తే మాత్రం దొరుకుతుంది.

ఎక్కడో విన్నట్టుంది కదా? తత్కాల్. 2025 జులై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కి ఆధార్ వెరిఫికేషన్ తప్పనిసరి చేసింది ఈ రోగానికే.

లాస్ ఏంజెలెస్ వాళ్ళు ముందు వేసిన మందు, మనిషికి 10 డాలర్ల డిపాజిట్. బుక్ చేయగానే కట్టాలి, క్యాన్సిల్ చేస్తే తిరిగి రాదు. దీని లాజిక్ ఏంటంటే, బ్రోకర్ బతికేదంతా ఫ్రీ క్యాన్సిలేషన్ మీద. వంద స్లాట్లు పట్టుకుని, అరవై అమ్ముకుని, మిగతా నలభై చివరి నిమిషంలో వదిలేస్తాడు. వదిలిన ప్రతి స్లాట్‌కీ నలుగురి లెక్కన 40 డాలర్లు పోతాయంటే వాడు ఆలోచిస్తాడు. కానీ నిజంగా ఆడేవాడికి ఇది నష్టం కాదు, ఎలాగూ కట్టాల్సిన ఫీజులో భాగమే.

ఇప్పుడు సెయింట్ ఆండ్రూస్ లాటరీ ఎందుకు గట్టిదో చూడండి. లాటరీలో వేగానికి విలువ లేదు. గడువు లోపల మొదటి సెకనులో వేసినా, చివరి నిమిషంలో వేసినా అవకాశం ఒకటే. కాబట్టి ఫాస్ట్ బాట్ రాసుకుని లాభం లేదు. అయితే లాటరీకీ ఒక బలహీనత ఉంది, దొంగ పేర్లు. ఒకడే వెయ్యి పేర్లు వేస్తే వాడి అవకాశం వెయ్యి రెట్లు. దానికి విరుగుడు గుర్తింపు. పేరు ఉండాలి, హ్యాండిక్యాప్ రుజువు ఉండాలి, వచ్చిన మనిషి ఆ పేరు మనిషే అయ్యుండాలి. ఇక సింగిల్స్ డ్రాలో మనిషే స్వయంగా వెళ్ళాలన్నాం కదా. ఏ బాట్ అయినా విమానమెక్కి స్కాట్లాండ్ వెళ్ళి కౌంటర్ దగ్గర నిలబడలేదు. ఎంత క్యాప్చా పెట్టినా ఇంత గట్టి సెక్యూరిటీ రాదు.

నా అభిప్రాయం అడిగితే, పబ్లిక్ ఆస్తికి రెండే న్యాయమైన పద్ధతులు. గుర్తింపుతో కూడిన లాటరీ, లేదా ఒంటితో నిలబడే క్యూ. గుర్తింపు లేని ఆన్‌లైన్ రేసు మాత్రం పేరుకే అందరిదీ.

వెళ్తే ఏం తేడా కనిపిస్తుంది?

చోటు దొరికిందనుకుందాం. టీవీలో చూసిన కోర్సే మీకు దొరుకుతుందా? నేల అదే. పరిస్థితి మాత్రం వేరు.

మొదటిది దూరం. ప్రతి హోల్‌కీ మొదలుపెట్టే చోట్లు మూడు నాలుగు ఉంటాయి, వాటిని టీలు అంటారు. ప్రొఫెషనల్స్ అన్నిటికంటే వెనకనుంచి కొడతారు. వాళ్ళ డ్రైవ్ సగటున 300 గజాల దరిదాపుల్లో ఉంటే, మామూలు మగ ఆటగాడిది 215, 225 గజాలు. 2002లో బెత్‌పేజ్ పదో హోల్‌లో ఫెయిర్‌వే అందుకోవాలంటేనే బంతి సుమారు 250 గజాలు గాల్లో ఎగరాలి. ఆ వాన రోజు కొందరు ప్రొఫెషనల్స్‌కే అందలేదు. అందుకని ముందు టీలనుంచి ఆడటంలో చిన్నతనం ఏమీ లేదు. వెనకనుంచి ఆడితే మీకు సరదా ఉండదు, మీ వెనక గ్రూపుకి సహనం ఉండదు.

రెండోది గ్రీన్ వేగం. దీన్ని కొలవడానికి స్టింప్‌మీటర్ అని మూడడుగుల చిన్న జారుడుబల్ల ఉంటుంది. దాని మీంచి బంతి వదిలితే ఎన్ని అడుగులు దొర్లిందో అదే వేగం. మామూలు పబ్లిక్ కోర్సులో తొమ్మిది అడుగుల చుట్టుపక్కల. పెద్ద టోర్నీలో 11 నుంచి 13. మనకి ఆ వేగం ఇస్తే ఒక్కో హోల్‌కి నాలుగైదు పట్‌లు పడతాయి, రౌండ్ సాయంత్రానికి కూడా అవ్వదు. రఫ్, అంటే పక్కన పెరిగే గడ్డి, టోర్నీకి గుబురుగా పెంచుతారు, మామూలు రోజుల్లో కత్తిరిస్తారు. పైగా ప్రొఫెషనల్ బంతి ఎక్కడ పడిందో చూడటానికి వందల కళ్ళుంటాయి. మన బంతికి మనమే దిక్కు.

మూడోది, మీ ఆటకీ కోర్సుకీ మధ్య లెక్క. హ్యాండిక్యాప్ అంటే మీ సామర్థ్యానికి ఒక నంబర్. చివరి 20 రౌండ్లలో బాగా ఆడిన 8 రౌండ్ల సగటు మీద కడతారు. అమెరికాలో హ్యాండిక్యాప్ ఉన్న మగవాళ్ళ సగటు 14 దరిదాపుల్లో ఉంటుంది. ప్రతి కోర్సుకీ స్లోప్ అని కష్టం కొలిచే నంబర్ ఉంటుంది, 55 నుంచి 155 దాకా, 113 అంటే మామూలు. మీ ఇండెక్స్‌ని స్లోప్‌తో గుణించి, 113తో భాగించి, కోర్స్ రేటింగ్‌కీ పార్‌కీ ఉన్న తేడా కలపాలి. ఉదాహరణకి ఇండెక్స్ 20, స్లోప్ 140, రేటింగ్ 74, పార్ 72 అనుకుందాం. 20 ఇంటూ 140 బై 113 అంటే 24.8. దానికి 2 కలిపితే 26.8, అంటే 27. మామూలు కోర్సులో 20 స్ట్రోకులు అదనంగా ఇచ్చే మనిషికి ఇక్కడ 27 ఇస్తారు. ఈ లెక్క తెలిస్తే పెద్ద కోర్సులో 110 కొట్టినా బాధ ఉండదు.

చివరిగా ఒక మర్యాద. మీ బంతి పడి గ్రీన్ మీద గుంట పడితే సరిచేయండి. బంకర్‌లో అడుగులు చదును చేయండి. బంతి దొరక్కపోతే రూల్ ప్రకారం మూడు నిమిషాలే వెతకాలి. రోజుకి రెండొందల మంది తొక్కినా ఆ కోర్సు నిలబడిందంటే ఈ చిన్న పనుల వల్లే.

ఇంత కథ ఎందుకు చెప్పానంటే

ఎస్‌ఎస్‌పీ చౌరాసియా అని మన గోల్ఫర్. 2016లో, 2017లో వరసగా ఇండియన్ ఓపెన్ గెలిచాడు. వాళ్ళ నాన్న రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో గడ్డి చూసుకునే పని చేసేవారు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్ అలీ షేర్, ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో క్యాడీగా మొదలైనవాడు. వీళ్ళిద్దరూ గోడ లోపలికి రాగలిగింది పని వల్ల. మెంబర్‌షిప్ వల్ల కాదు. లోపలికి అడుగుపెట్టే దారి దొరికింది, ఛాంపియన్లు బయటికొచ్చారు. దారే దొరకని పిల్లలు ఎంతమందో మనం లెక్కపెట్టలేం.

ఢిల్లీలో డీడీఏ వాళ్ళ కుతుబ్ గోల్ఫ్ కోర్స్ అని ఒకటుంది. ప్రభుత్వ సంస్థ నడుపుతుంది, ఫీజు కట్టి ఎవరైనా ఆడొచ్చు. అలాంటివి ఇంకా రావాలని నా కోరిక. గోల్ఫ్ కోర్సుకి నీళ్ళు కావాలి, నేల కావాలి, మన ఊళ్ళలో ఆ రెండింటికీ వేరే అవసరాలున్నాయి, అదీ నిజమే. 18 హోల్స్ అక్కర్లేదు, ఒక చిన్న ప్రాక్టీస్ రేంజ్, ఆరు హోల్స్ చాలు మొదలుపెట్టడానికి. కట్టేముందే మాత్రం ఒక ప్రశ్నకి జవాబు రాసుకోవాలి. చోటు తక్కువై, జనం ఎక్కువైన రోజు, ఎవరికిస్తారు? ఆ జవాబు సరిగ్గా లేకపోతే గోడ ఇటుకలతో కట్టినా, యాప్‌తో కట్టినా గోడే.

మీలో ఎవరైనా బెత్‌పేజ్ పార్కింగ్‌లో పడుకున్నా, సెయింట్ ఆండ్రూస్ బ్యాలట్‌లో పేరు వచ్చినా నాకు రాయండి, మీ కథ ఒక ఎపిసోడ్‌లో చెప్పుకుందాం. వచ్చే వారం క్రికెట్ టికెట్లు నిమిషాల్లో ఎలా మాయమవుతాయో, వెయిటింగ్ రూమ్ పేజీలో మీ నంబర్ అసలు ఎలా వస్తుందో విప్పి చూద్దాం. అప్పటిదాకా ఉంటానండీ, బై.